కామధేనువు బొమ్మ, కమలాదేవి కథ

ముందే చెప్పేస్తున్నా, తెలుగులో ఇంత పెద్దది రాయడం నాకిదే మొదటిసారి. ఎల్కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఒత్తులు, గుణింతాలు తప్పితే క్లబ్ సీనియర్లు దిద్దేస్తారని ధైర్యం. ఇంకా మిగిలిపోతే మీరే సర్దుకోండి.

ఈ సంచిక ముఖచిత్రానికి క్లబ్ వాళ్లు ఇచ్చిన అంశం మీకు గుర్తుండే ఉంటుంది. అమ్మలు, కూతుళ్లు, అదీ ఫాంటసీ పద్ధతిలో. రెక్కలు, కొమ్ములు, మాయలు, ఏదైనా పర్లేదన్నారు. మా సీఎస్‌ఈ వాళ్లలో సగం మంది ఏఐతో బొమ్మలు పుట్టించేశారు. నేనూ పుట్టించా. డ్రాగన్ మీద అమ్మ, ఆమె వెనకాల కూతురు. చూడ్డానికి బాగానే ఉంది కానీ అమ్మ చేతికి ఆరు వేళ్లొచ్చాయి. ఆ శనివారం శ్రీకాళహస్తికి ఇంటికి పోయినప్పుడు మా అమ్మకి ఫోన్‌లో చూపించా. అమ్మ వేళ్లు లెక్కపెట్టి నవ్వింది. నీ డ్రాగన్ సంగతి సరే, నా ఆవుని చూడు మే అని మంచం కింద చుట్టిపెట్టిన గుడ్డ తీసి పరిచింది.

అది కామధేనువు. ముఖం ఆడమనిషిది, ముక్కుకి బేసరి, నుదుటన బొట్టు. ఒళ్లు ఆవుది. భుజాలకి రెక్కలు, తోక నెమలి పింఛం. ఏ గేమ్‌లోనూ ఇంత విచిత్రమైన క్యారెక్టర్‌ని నేను చూడలేదు. కాళ్ల దగ్గర ఒక దూడ. దానికి ఇంకా రంగులు పడలేదు, నల్ల గీతలే ఉన్నాయి. అది నందిని, కామధేనువు కూతురని అమ్మ చెప్పింది. రఘువంశం కథలో దిలీప మహారాజు పిల్లలు లేరని వసిష్ఠుడి దగ్గరికి వెళ్తాడట. కామధేనువు పాతాళంలో ఉంది, ఆమె బదులు కూతురికి సేవ చెయ్యి అని వసిష్ఠుడు చెప్తాడట.

ముఖచిత్రం దొరికిపోయింది అనుకున్నా. క్లబ్‌కి ఫొటో పంపిస్తే వాళ్లకీ నచ్చింది. దీని వెనక కథేదైనా ఉంటే రాయమన్నారు. అమ్మని అడిగితే, నాదేముంది కథ, కమలాదేవమ్మ లేకపోతే ఈ పని మాకు వచ్చేదే కాదు, ఆమె గురించి రాయి అనింది. అమ్మకి కలం పట్టడం నేర్పించిన పెద్దాయన ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటి రోజు ఆ పేరు చెప్పేవారట. నాకు ఆ పేరు ఎక్కడో విన్నట్టే అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది, 2018 ఏప్రిల్ 3న గూగుల్ డూడుల్‌లో ఒకామె వచ్చింది. చుట్టూ బొమ్మలు, వాయిద్యాలు, నేత బట్టలు. ఆమే కమలాదేవి చట్టోపాధ్యాయ. ఆ రోజు ఆమె 115వ పుట్టినరోజు.

సెమిస్టర్ సెలవుల్లో దొరికినవన్నీ చదివా. చదివేకొద్దీ నాకు కమలాదేవి కంటే ముందు వాళ్లమ్మ కనిపించింది.

కమలాదేవి 1903లో మంగళూరులో పుట్టింది. అప్పుడు మంగళూరు, మన చిత్తూరు ప్రాంతం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. నాన్న అనంతయ్య ధారేశ్వర్ పెద్ద ప్రభుత్వ ఉద్యోగి. అమ్మ గిరిజాబాయి. ఆ కాలంలో ఇంట్లోనే పంతుళ్లని పెట్టించుకుని బాగా చదువుకున్న మనిషి. కమలాదేవి అక్కచెల్లెళ్లలో అందరికంటే చిన్నది. ఆమెకి ఏడేళ్లప్పుడు నాన్న చనిపోయారు. వీలునామా రాయలేదు. ఆస్తి మొత్తం ఆయన మొదటి భార్య కొడుక్కి పోయింది. గిరిజాబాయికీ ఆడపిల్లలకీ నెలకింత అని భత్యం ఇస్తామన్నారు. గిరిజాబాయి వద్దనేసింది. నిన్నటిదాకా తనదనుకున్న ఇంటి నుంచి నెలనెలా చెయ్యి చాచి తీసుకోవడం ఆమెకి ఇష్టం లేదు. పుట్టింటి వాళ్లిచ్చిన కట్నం డబ్బుతోనే కూతుళ్లని పెంచింది.

అప్పటి చట్టం అట్లాంటిది. హిందూ వారసత్వ చట్టం వచ్చింది 1956లో. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని మన ఆంధ్రప్రదేశ్‌లో సవరణ వచ్చింది 1986లో. మా అమ్మ అప్పటికి మూడేళ్ల పిల్ల.

గిరిజాబాయి ఇంటికి అనీ బీసెంట్, రమాబాయి రానడే లాంటి వాళ్లతో పరిచయాలుండేవి. మేనమామ ఇంట్లో గోఖలే లాంటి నాయకుల మాటలు వింటూ చిన్న కమల పెరిగింది. ఇంత తెలిసిన ఇంట్లో కూడా ఆమెకి 1917లో పద్నాలుగేళ్లకే పెళ్లి చేసేశారు. రెండేళ్లకే భర్త పోయాడు. అక్క సగుణ కూడా పెళ్లైన కొన్నాళ్లకే చిన్న వయసులో చనిపోయింది. పదహారేళ్ల విధవ అంటే ఆ రోజుల్లో ఏం జరిగేదో మన తరిగొండ వెంగమాంబ కథ తెలిసిన చిత్తూరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కమలాదేవి విషయంలో అట్లా జరగలేదు. ఆమె మళ్లీ చదువులో పడింది, మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో చేరింది.

అక్కడ సుహాసిని చట్టోపాధ్యాయ అనే అమ్మాయి స్నేహమైంది. సుహాసిని ఎవరో కాదు, సరోజినీ నాయుడు చెల్లెలు. వాళ్లది హైదరాబాద్‌లో స్థిరపడిన బెంగాలీ కుటుంబం. వాళ్ల నాన్న అఘోరనాథ్ నిజాం కాలేజీ మొదటి ప్రిన్సిపాల్. సుహాసిని ద్వారా ఆమె అన్న హరీంద్రనాథ్ పరిచయమయ్యాడు. కవి, నాటకాల మనిషి. 1972లో వచ్చిన హిందీ సినిమా బావర్చీలో ముసలి తాత వేషం వేసింది ఆయనే. కమలాదేవి ఆయన్ని పెళ్లి చేసుకుంది. విధవకి మళ్లీ పెళ్లి, అదీ వేరే కులం, వేరే భాష. బంధువులు చాలామంది మండిపడ్డారు. వాళ్లకి రామ అని ఒక్క కొడుకు. ఇద్దరూ కలిసి ఊరూరా నాటకాలు వేశారు. మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు స్టేజీ ఎక్కని కాలంలో ఆమె స్టేజీ ఎక్కింది, తర్వాత సినిమాల్లోనూ కనిపించింది. కొన్నేళ్లకి ఆ పెళ్లి నిలబడలేదు. ఆమే విడాకులు తీసుకుంది. దానికీ మాటలు పడింది.

లండన్‌లో బెడ్‌ఫర్డ్ కాలేజీలో సోషియాలజీ చదువుతుండగా గాంధీ ఉద్యమం గురించి విని తిరిగొచ్చేసింది. 1926లో మద్రాసు శాసనమండలి ఎన్నికల్లో నిలబడింది. ఈ దేశంలో చట్టసభకి పోటీ చేసిన మొదటి ఆడమనిషిగా ఆమె పేరే చెప్తారు. ప్రచారానికి దొరికింది కొద్ది రోజులే. ఓడిపోయింది, కానీ చాలా కొద్ది ఓట్ల తేడాతో. ఆ మరుసటి ఏడాది మొదలైన అఖిల భారత మహిళా సభకి కార్యదర్శిగా తిరిగింది.

1930 ఉప్పు సత్యాగ్రహం మనం టెన్త్ సోషల్‌లో మార్కుల కోసం బట్టీ పట్టాం. గాంధీజీ వెంట దండికి బయల్దేరిన 78 మందిలో ఒక్క ఆడమనిషి కూడా లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టనేలేదు. కమలాదేవికి తట్టింది. ఆమె వెళ్లి గాంధీజీతో వాదించింది. వంటింట్లో రోజూ చేతిలో ఉండే ఉప్పు గురించిన పోరాటంలో ఆడవాళ్లు లేకపోవడమేంటని గట్టిగా నిలబడింది. చివరికి ఆయన ఒప్పుకున్నారు. తర్వాత ఆమె బొంబాయిలో సముద్రపు నీళ్లు కాచి ఉప్పు చేసి, పొట్లాలు కట్టి, స్టాక్ ఎక్స్ఛేంజిలోకి దూరి అమ్మింది. షేర్లు కొనేవాళ్లు ఉప్పు కొన్నారు. ఆ తర్వాత జైలు. అట్లా జైలుకి పోయిరావడం ఆమె జీవితంలో చాలాసార్లు జరిగింది.

ఇక్కడిదాకా చదివితే, స్వాతంత్ర్యం రాగానే ఈమె మంత్రో గవర్నరో అయ్యుంటుంది అనుకుంటాం. కాలేదు. దేశం రెండు ముక్కలై వాయవ్య సరిహద్దు నుంచి జనం కట్టుబట్టలతో వచ్చి పడ్డప్పుడు, ఆమె సహకార సంఘం పెట్టి వాళ్ల మధ్య పనిలోకి దిగింది. ఢిల్లీ పక్కన ఫరీదాబాద్ ఊరు అట్లా లేచిందే. దాదాపు 50,000 మంది అక్కడ ఇళ్లు కట్టుకుని, పనులు నేర్చుకుని నిలదొక్కుకున్నారు. అన్నం పెట్టి కూర్చోబెట్టడం కాదు, చేతికి పనివ్వాలన్నది ఆమె పద్ధతి.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్లు దాన్ని ఆమే నడిపించింది. మిల్లు గుడ్డలూ, ఫ్యాక్టరీ సామాన్లూ వచ్చి చేతిపనులన్నీ మూలపడుతున్న రోజులవి. పెద్ద పెద్ద డ్యాములు, ఉక్కు ఫ్యాక్టరీలు కడుతున్న దేశంలో కుండలు, బుట్టలు, బొమ్మలు ఎవరికి కావాలి? ఆమెకి కావాలి. ఊళ్లకి ఊళ్లు తిరిగి, ఏ పని ఎవరి చేతుల్లో మిగిలి ఉందో వెతికింది.

ఆ వెతుకులాటలోనే మా ఊరు వచ్చింది.

శ్రీకాళహస్తి కలంకారీ అంటే మొదట్లో గుడి గుడ్డలు. దేవుడి వెనక కట్టే తెరలు, రథాలకి కట్టే గుడ్డలు. రామాయణ, భారతాలు గడిగడిగా గీసి, ఏ గడిలో ఏం జరుగుతోందో తెలుగులో రాసేవాళ్లు. మచిలీపట్నం కలంకారీలో చెక్క అచ్చులతో అద్దుతారు. మాది పూర్తిగా చేత్తో, కలంతోనే. 1950ల నాటికి ఇది వచ్చిన పెద్దవాళ్లు మా ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. వాళ్లతోనే పని అయిపోతుందనగా, ఆ దశాబ్దం చివర్లో కమలాదేవి చొరవతో శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం మొదలైంది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ గురువు. ఆయన కొడుకు గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ కేంద్రంలో నేర్చుకున్నవాళ్లు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి నేర్పారు. ఆ చెట్టుకి ఏదో ఒక చివరి కొమ్మలో మా అమ్మ ఉంది.

ఆ పని ఎట్లా ఉంటుందో చెప్పకపోతే ఆమె కాపాడింది ఏంటో మీకు తెలియదు. ముడి గుడ్డని కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో ముంచి ఎండబెడతారు. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి రంగు పక్కకి పాకదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో తేలిగ్గా బొమ్మ గీస్తారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడితే వచ్చే నీళ్లే నల్ల రంగు. వెదురు పుల్ల మొన చెక్కి, దాని మీద గుడ్డ చుట్టి దారం కడితే అదే కలం. చుట్టిన గుడ్డని వేళ్లతో నొక్కే కొద్దీ రంగు మొనలోకి దిగుతుంది. ఇనుప నీళ్లు గుడ్డలోని కరక్కాయని తాకగానే నల్లగా మారి అక్కడే పట్టుకుంటాయి. ఇంక పోదు. మన కంప్యూటర్‌లో ఉన్నట్టు ఇక్కడ అన్‌డూ లేదు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. పటికకి రంగు ఉండదు. ఎక్కడ పూశామో కంటికి సరిగ్గా కనపడదు. మంజిష్ఠ లాంటి వేళ్లు వేసి గుడ్డని ఉడకబెడితే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు తేలుతుంది. తర్వాత పసుపుకి కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. మధ్యలో ఎన్నిసార్లో పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో నీళ్లుంటే ఆ రోజు అమ్మకి పండగ.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం నిజం కాదు.

అమ్మ వేళ్ల గోళ్లు ఎప్పుడూ నల్లగా ఉంటాయి. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అన్నారు. అంతకు ముందు ఒకసారి నా ఫ్రెండ్స్ అమ్మ చేతులు చూసి ఏదో అన్నారు. ఈసారి నువ్వు రావద్దు, నాన్న ఒక్కడే వస్తే చాలు అని అమ్మకి చెప్పేశా. ఎందుకని అమ్మ అడగలేదు. ఆ రోజు రాలేదు. ఆ తర్వాత ఇంటర్ అయిపోయేదాకా ఏ మీటింగ్‌కీ రాలేదు. అమ్మ ఏం చేస్తుంది అని ఎవరైనా అడిగితే హౌస్‌వైఫ్ అని రాసేదాన్ని. నా ఫీజులో సగం ఆ నల్ల గోళ్లే కట్టాయని నాకు తెలుసు. అయినా అట్లే రాశా.

గిరిజాబాయి గురించి చదివిన రాత్రి నాకు ఇదంతా గుర్తొచ్చింది. కమలాదేవి చేతిపనుల వెంట ఎందుకంత పడింది అన్నదానికి పుస్తకాల్లో చాలా కారణాలు ఉంటాయి, గాంధీజీ, స్వదేశీ, దేశభక్తి. అవన్నీ నిజమే. కానీ నాకు మాత్రం ఆ ఏడేళ్ల పిల్ల చూసిన ఇల్లే కనిపిస్తుంది. చదువు ఉంది, తెలివి ఉంది, పలుకుబడి ఉన్న మనుషులు తెలుసు. అయినా ఒక్క మరణంతో వాళ్లమ్మకి నెల భత్యం మాత్రమే మిగిలింది. తన చేత్తో తను సంపాదించుకునే దారి లేకపోతే ఎంతటి ఆడమనిషికైనా అంతే అని ఆ పిల్లకి ఆ రోజే తెలిసుండాలి. ఇది నా ఊహ. తప్పైతే తప్పే. ఆ తర్వాత ఆమె ముట్టుకున్న ప్రతి పనిలో, శరణార్థుల దగ్గరైనా మా ఊళ్లోనైనా, నాకు ఇదే కనిపించింది. దానం వద్దు, పని కావాలి, పనికి తగ్గ డబ్బు కావాలి.

అంతా బాగుపడిపోయిందని రాస్తే మా అమ్మ ఒప్పుకోదు. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ గుర్తింపు ఉంది. అయినా మిషన్ మీద ప్రింట్ కొట్టిన చీరల్ని కలంకారీ అని అమ్మేస్తారు. మా హాస్టల్‌లో సగం కుర్తీలు అవే, నా దగ్గరా రెండున్నాయి. అమ్మ ఎక్కువగా ఒక షాపు వాళ్లకి చేస్తుంది. మూడు వారాలు కూర్చున్న గుడ్డకి వాళ్లు ఎంతిస్తే అంత. గుడ్డ మీద అమ్మ పేరు ఉండదు. నేను గిట్‌లో ఒక కామా మార్చినా నా పేరు, టైమ్ పడతాయి. ఈ కామధేనువు కూడా మొదట ఆ షాపు ఆర్డరే. దూడ ఎందుకు, ఆవు ఒక్కటి చాలు, పని తొందరగా అవుతుంది అన్నారట. అమ్మ వాళ్లకి ఆవుని మాత్రమే గీసిచ్చింది. తర్వాత ఇంకో గుడ్డ తీసుకుని దూడతో సహా తన కోసం మొదలుపెట్టింది. నేను చూసింది ఆ రెండోదాన్ని.

చేతిపని చేసేవాళ్లకి పేరుండాలని కమలాదేవి కూడా పట్టుబట్టింది. శిల్పులకీ నేతగాళ్లకీ జాతీయ అవార్డులు మొదలవ్వడం వెనక ఆమె కృషి ఉంది. ఆమెకి 1955లో పద్మభూషణ్, 1966లో మెగసెసే అవార్డు, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. ఎనభై దాటాక తన జీవితం గురించి తనే పుస్తకం రాసుకుంది. 1988 అక్టోబర్ 29న బొంబాయిలో చనిపోయింది. అప్పటికి ఎనభై అయిదేళ్లు. ఆమెకి కూతుళ్లు లేరు.

సెలవుల్లో చివరి ఆదివారం అమ్మ నా చేతికి కలం ఇచ్చింది. నందిని ఒంటికి పటిక పుయ్యమనింది. ఎంతో జాగ్రత్తగా పూశా, అంతా బాగానే ఉందనుకున్నా. గుడ్డ ఉడికి బయటికొచ్చాక తెలిసింది, వెనక కాలు దగ్గర నా చెయ్యి గీత దాటిపోయింది. నేలంతా తెల్లగా ఉండాల్సిన చోట అరచేతి అంత ఎర్ర మరక. నాకు ఏడుపొచ్చింది. దాన్ని పువ్వుగా మార్చొచ్చు కదా అన్నా. అమ్మ అట్లే ఉండనీ అనింది. అందుకే ముఖచిత్రంలో దూడ వెనక కాలు పక్కన ఆ మరక ఉంది. అది డిజైన్ టీమ్ తప్పు కాదు, నాది.

ముఖచిత్రం కింద అమ్మ పేరు వేయమని క్లబ్‌ని అడిగా, వేస్తామన్నారు. సంచిక విడుదల రోజు అమ్మ శ్రీకాళహస్తి నుంచి బస్సులో వస్తోంది. నిన్న ఫోన్ చేసి, కాలేజీకి కదా, నిమ్మకాయతో గోళ్లు రుద్దుకుని రానా పాపా అని అడిగింది. నిమ్మకాయ వద్దులే, అట్లే వచ్చెయ్యి అన్నా.